జేబులో రాయి: ఒక తక్షణ నివారణ ప్రతిపాదన

తొలకరి, బడి రెండూ జూన్‌లోనే మొదలవడం కర్నూలు జిల్లా చదువులకు పట్టిన గ్రహచారం. తుగ్గలి, జొన్నగిరి, మద్దికెర చుట్టుపక్కల నాలుగు వానలు పడితే చాలు, పైమట్టి కొట్టుకుపోయి రాళ్లు తేలతాయి. జనం చేలల్లో వంగి వజ్రాలు వెతుకుతారు. మర్నాడు ఆరో తరగతి పిల్లోడు జేబునిండా రాళ్లతో బడికొస్తాడు.

"సార్, ఇది వజ్రమేనా?"

అయ్యవారు ఈ ప్రశ్నను మొగ్గలోనే తుంచకపోతే ఏమవుతుందో చెబుతాం. వాడు రాయితో గాజుముక్క మీద గీస్తాడు. గీత పడుతుంది, గంతులేస్తాడు. పక్కపిల్ల మామూలు పలుగురాయితో గీస్తే దానికీ పడుతుంది! గీతకు లొంగని గట్టిదనాన్ని కొలిచే మోహ్స్ కొలమానంలో గాజు సుమారు ఐదున్నర, పలుగురాయి 7, వజ్రం 10 అని చెప్పక తప్పదు. ఇంతలో ఇంకొకడు సుత్తి తెస్తాడు, పగలకపోతే వజ్రమేనని వాళ్ల తాత అన్నాడట. వజ్రం గీతకు లొంగదు గానీ సుత్తిదెబ్బకు చీలిపోగలదు. గట్టిదనం వేరు, పగలకపోవడం వేరు. ఈ ఒక్క ముక్కకే పీరియడ్ గోవిందా.

సాంద్రత చూద్దామంటే అదింకో తద్దినం. పలుగురాయిది 2.65, వజ్రానిది సుమారు 3.5. 100 మిల్లీలీటర్ల కొలజాడీలో చిన్నరాయి వేస్తే నీటిమట్టం కదిలినట్టే ఉండదు. అందుకని ముందు రాయిని తూచి, తర్వాత గ్లాసెడు నీళ్లు ఎలక్ట్రానిక్ కాటా మీద పెట్టి, సున్నా చేసి, రాయిని సన్నదారంతో అడుగు తగలకుండా ముంచాలి. గ్రాముల్లో కనబడే అంకే ఘన సెంటీమీటర్లలో దాని ఘనపరిమాణం, రాయి బరువును దాంతో భాగిస్తే సాంద్రత. రాయికి గాలిబుడగ అంటుకుంటే ఆ అంకె పెరిగి, సాంద్రత తక్కువొస్తుంది, కాబట్టి ముందే తడిపి రుద్దాలి. 5.3 గ్రాముల రాయికి 2 చూపిస్తే పలుగురాయి. 1.5 చూపిస్తే వజ్రం కావచ్చు, అదీ ఇరవై ఆరున్నర క్యారెట్లది (క్యారెట్ అంటే 0.2 గ్రాములు), ఇక ఆ బడికి అయ్యవారు కూడా రారు.

సాంఘికశాస్త్రానికీ ఈ జాడ్యం అంటుకుంటుంది. దగ్గర్లోనే ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. వాటిలో ఒకదాన్ని కొంతమేర ఒక వరుస ఎడమనుంచి కుడికి, మరో వరుస కుడినుంచి ఎడమకి చెక్కారు. మన పిల్లోడు అలా రాస్తే వీపు విమానం మోత.

2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షను మాత్రం పిల్లలు కృత్యాలతో, అన్వేషణతో నేర్చుకోవాలంటోంది. 2020 జాతీయ విద్యావిధానం 6 నుంచి 8 తరగతులకు 10 సంచిలేని రోజులు ఇవ్వమంది. జేబుల ఊసెత్తలేదు, అదే మనకు దొరికిన సందు.

కనుక మా ప్రతిపాదన: ప్రార్థన కాగానే జేబులు తడమాలి. రాళ్లను బల్లసొరుగులో వేసి తాళం పెట్టాలి. సాంద్రత నిర్వచనం గైడులోంచి పదిసార్లు రాయించాలి. సాయంత్రం అందరూ వెళ్లాక, సొరుగు తెరిచి ఒక్కో రాయితో కిటికీ అద్దం మీద గీసి చూసుకోవడం అయ్యవారి ఇష్టం.