మౌనంలో మోగిన ఎ తీగ

మొన్న రాయగడలో వినాయకుడి పందిరి దగ్గర మా మెలోడీ ప్రోగ్రాం. పాటగాళ్లు పార్వతీపురం వాళ్లు, డ్రమ్ములు మా బావమరిది, బేస్ గిటార్ నేను. సగం తెలుగు పాటలు, సగం ఒడియా పాటలు, యాంకర్ రెండు భాషల్లోనూ అరుస్తాడు. మొదటి గంట బాగానే గడిచింది కాబట్టి దాని గురించి చెప్పేదేం లేదు.

బేస్ గిటార్‌కి నాలుగే తీగలు: ఇ, ఎ, డి, జి. నాలుగే కదా అని చూసేవాళ్లు తేలిగ్గా తీసుకుంటారు. వాయించే తీగతో ఏ ఇబ్బందీ లేదు, వాయించని మూడింటి నోరు మూయించడమే అసలు పని. ఇ తీగని అయిదో ఫ్రెట్ (గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే లోహపు గీత) దగ్గర నొక్కి మీటితే సెకనుకి 55 సార్లు కంపిస్తుంది. పక్కనున్న ఎ తీగని ఏ ఫ్రెట్టూ నొక్కకుండా వదిలేస్తే దాని లెక్కా సరిగ్గా అంతే. అందుకని దాన్నెవరూ ముట్టుకోకపోయినా, పక్క వీధి కుక్క మొరిగితే మన వీధి కుక్క అందుకున్నట్టు, అదీ లేస్తుంది. ఎడమచేతిలో ఖాళీగా ఉన్న వేళ్లని, కుడిచేతి బొటనవేలిని అస్తమానం ఆ తీగల మీద ఆనించి ఉంచాలి.

ఇంకో దారి స్పాంజి. నవ్వకండి. 1951లో ఫెండర్ అనే గిటార్ల కంపెనీ వాళ్లు తెచ్చిన ప్రెసిషన్ బేస్‌కి బ్రిడ్జి (గిటార్ చెక్క మీద తీగల కొసలు ఆనే చోటు) మీద ఒక లోహపు మూత వచ్చేది, ఆ మూత కింద తీగలకి ఆనేలా మెత్తటి ముక్క ఉండేది. మోటౌన్ అనే అమెరికా కంపెనీ రికార్డులకి బేస్ వాయించిన జేమ్స్ జేమర్‌సన్ అంతటివాడు దాన్ని పీకెయ్యకుండా అలాగే వాయించాడు. నాది గిన్నెలు తోముకునే స్పాంజి. గరుకు వైపు కోసేసి, మెత్తటి ముక్కని బ్రిడ్జి దగ్గర తీగల కిందకి దూర్చాను. అది ఉన్నంతసేపూ స్వరం పుడుతుంది, పనయ్యాక పోతుంది.

సాయంత్రం చెకింగ్‌లో కమిటీ ట్రెజరర్‌గారు వచ్చి చెవి ఒగ్గారు. "ఏటి మాస్టారూ, దబ్బు దబ్బుమంటాది గానీ మోగదేటి? బాక్సులకి అంత డబ్బిచ్చినాం కదా!" అని, నేను చెప్పేలోపే ఆ ముక్కని లాగి జేబులో వేసుకున్నారు. బాక్సుల కుర్రాడు పళ్లికిలించి, బేస్ బాక్సులన్నీ తెచ్చి సరిగ్గా నా వీపు వెనక పేర్చాడు. గుండెలదరాలట. ఎవరి గుండెలో అడగలేదు.

ఒక పాట ఇ తీగ అయిదో ఫ్రెట్ మీద ముగిసింది. చప్పట్లు. అంతలో అధ్యక్షులు మైకు లాక్కుని, కిందటేడు పోయిన పెద్దాయన పేరు చెప్పి, రెండు నిమిషాలు మౌనం పాటించమన్నారు. యాంకర్ అదే మాట ఒడియాలో చెప్పాడు. పందిరంతా లేచి నిలబడింది. నేనూ మర్యాదగా రెండు చేతులూ గిటార్ మీంచి తీసి దణ్ణం పెట్టాను.

భుమ్మ్మ్మ్.

నేను మీటలేదు. వెనక బాక్సుల్లోంచి వచ్చిన అదురు గిటార్ చెక్కలోకి, చెక్కలోంచి ఎ తీగలోకి, తీగలోంచి మళ్లీ బాక్సుల్లోకి. దానికది తిని, దానికది బలిసింది. పందిరి రేకులు గిలగిల్లాడాయి. ప్రసాదం బల్ల మీద స్టీలు పళ్లాలు ఒకదాన్నొకటి కొట్టుకోవడం మొదలుపెట్టాయి. ముందు వరసలో పోయినాయన కొడుకులు, కళ్లు మూసుకునే, కనుబొమలు ముడిచారు.

వాల్యూం తగ్గించొచ్చు కదా అంటారు మీరు. ఆ గిటార్ మా బావమరిది పెదనాన్నగారి అబ్బాయిది, దాని వాల్యూం పిడికి టోపీ ఎప్పుడో ఊడిపోయింది. మిగిలిన ఇనప పుల్లని తిప్పాలంటే పటకారు కావాలి. మౌనం పాటిస్తున్న జనం ముందు పటకారు అడిగే ధైర్యం నాకు లేదు. అరచెయ్యి మొత్తం తీగల మీద వేస్తే అయిపోయేదే, కానీ అధ్యక్షులు ఒక కన్ను తెరిచి సరిగ్గా నా చేతుల్నే చూస్తున్నారు. పెద్దాయన పోతే వీడికి దణ్ణం పెట్టడానికి కూడా బద్ధకమా అన్న చూపు. అందుకని దణ్ణం చెడకుండా, ఎడమ చిటికెనవేలొకటి మెల్లగా కిందకి దించి ఎ తీగకి తాకించాను.

ఆ వేలు వెళ్లి వెళ్లి పన్నెండో ఫ్రెట్ మీద ఆగింది. తీగకి సరిగ్గా నడిమధ్య. అక్కడ ఒక్క వేలు ఆనిస్తే తీగ చావదు, రెండు ముక్కలుగా పంచుకుని పై స్థాయిలో మోగుతుంది. హార్మోనిక్ అంటారు. దాన్ని తెప్పించడానికి కుర్రాళ్లు నెలల తరబడి సాధన చేస్తారు, నాకు అడగకుండానే వచ్చింది. భుమ్మ్ కాస్తా టూఊఊ అయింది. కంగారులో వేలు ఏడో ఫ్రెట్‌కి జారింది. అక్కడా అదే కథ, ఈసారి మూడు ముక్కలు. టీఈఈ. వెనకనుంచి మా బావమరిది, పెదాలు కదపకుండా, "బావా, ఇది ఏ పాట?" అన్నాడు.

బాక్సుల కుర్రాడు మీట కిందకి లాగితే ఒక్క క్షణం పని. వాడు కళ్లు గట్టిగా మూసుకుని, ఊళ్లో ఎవరికీ లేనంత భక్తితో నిలబడ్డాడు.

పూజారిగారికి మాత్రం ఆ మోత జనరేటర్‌దని తోచింది. చెయ్యూపి ఎవరినో వెనక్కి పంపారు. ఆ పంపినవాడు వెళ్లి జనరేటర్ ఆపేశాడు. లైట్లు, బాక్సులు, వినాయకుడి వెనక తిరిగే రంగుల చక్రం, అన్నీ ఒక్కసారే పోయాయి. మిగిలిన మౌనం చీకట్లో బ్రహ్మాండంగా జరిగింది.

డబ్బులిచ్చేటప్పుడు ట్రెజరర్‌గారు కవరు నా చేతిలో పెట్టి, "ఇప్పుడు మోగింది మాస్టారూ, బేసు!" అన్నారు. కవర్లో రెండొందలు తక్కువ. బాక్సుల కుర్రాడికి శాలువా కప్పారు.