సవరణ: ఆ డీఎల్‌ఎల్ పెట్టాల్సింది సిస్టమ్32లో కాదు

విశాఖ ద్వారకానగర్ షాపుల్లాంటి చోట్ల వాడే పాత 32 బిట్ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌ను ఉబుంటు లైనక్స్‌లో వైన్ (విండోస్ ప్రోగ్రాములను లైనక్స్‌లో నడిపే సాఫ్ట్‌వేర్) మీద నడపడం గురించి రాసినప్పుడు, దానికి కావాల్సిన ఎంఎఫ్‌సీ42 డీఎల్‌ఎల్‌ను (ప్రోగ్రాములు వాడుకునే లైబ్రరీ ఫైలు) సిస్టమ్32 ఫోల్డర్‌లో వేయమన్నాం. అది తప్పు.

64 బిట్ ప్రిఫిక్స్‌లో (వైన్ విండోస్ సీ డ్రైవ్‌లా వాడే ఫోల్డర్) సిస్టమ్32లో ఉండేవి 64 బిట్ ఫైళ్లు. 32 బిట్‌వి సిస్‌వావ్64 ఫోల్డర్‌లో ఉండాలి. పేర్లు తారుమారైనట్టు కనిపిస్తాయి గానీ ఈ తిరకాసు విండోస్‌దే, వైన్ దాన్ని ఉన్నదున్నట్టు అనుకరిస్తుంది. 32 బిట్ ప్రోగ్రామ్ సిస్టమ్32 అని అడిగినా వైన్ దాన్ని సిస్‌వావ్64కి మళ్లిస్తుంది. అందుకే ఫైలు కళ్లెదుటే ఉన్నా టెర్మినల్లో ‘నాట్ ఫౌండ్’ అనే వస్తుంది. చేత్తో కాపీ చేసేకంటే వైన్‌ట్రిక్స్ అనే సహాయక స్క్రిప్ట్‌తో ఎంఎఫ్‌సీ42 వేయించుకోవడం మేలు, సరైన చోట అదే పెడుతుంది.

ఎంఎస్‌వీసీపీ60 అనే ఇంకో డీఎల్‌ఎల్ సంగతి వేరు. దానికి వైన్‌లో సొంత ప్రతి ఉంది. మైక్రోసాఫ్ట్ ప్రతే కావాలంటే వైన్‌సీఎఫ్‌జీలో (వైన్ సెట్టింగుల ప్రోగ్రామ్) లైబ్రరీస్ ట్యాబ్‌కి వెళ్లి ‘నేటివ్, ఆ తర్వాత బిల్టిన్’ (ముందు మైక్రోసాఫ్ట్‌ది, లేకపోతే వైన్‌ది) ఎంచుకోవాలి. ఎన్‌టీడీఎల్‌ఎల్, కెర్నల్32 అనే మూల డీఎల్‌ఎల్‌ల జోలికి మాత్రం పోవద్దు. వైన్‌లోని వాటి ప్రతులు లైనక్స్‌తో ముడిపడ్డవి, విండోస్ నుంచి తెచ్చిపెడితే పనిచేయవు.

ఇంకో మాట కూడా వదిలేశాం. ఉబుంటులో ఐ386 (32 బిట్) ఆర్కిటెక్చర్ చేర్చాక, ప్యాకేజీల జాబితాను తాజాపరిచే ‘ఆప్ట్ అప్‌డేట్’ కమాండ్ ఇవ్వాలి, లేకపోతే ఉబుంటు సొంత భండారంలోని వైన్32 ప్యాకేజీ దొరకదు. వైన్‌ను సుడోతో (అడ్మిన్ అధికారంతో) నడపకండి. ప్రిఫిక్స్ ఫైళ్లు రూట్ (అడ్మిన్ ఖాతా) పేరిట పడి, మామూలు లాగిన్‌లో తెరుచుకోవు.

ఇప్పటికే సిస్టమ్32లో వేసినవాళ్లు ఆ ఫైలును అక్కణ్ణుంచి తీసేయండి.