అడ్డం తెరకు అలవాటు పడొద్దు, నిలబెట్టండి

వైడ్‌స్క్రీన్ మానిటర్ కొత్తగా కొన్నవాళ్లకు బెంగళూరులో ఎవరిని అడిగినా ఒకటే సలహా: "రెండు వారాలు ఓపిక పట్టు, అదే అలవాటైపోతుంది." నాకూ అదే చెప్పారు. మారతహళ్లిలోని మా ఫ్లాట్‌లో కిటికీ పక్కన 24 అంగుళాల తెర పెట్టుకుని రెండు నెలలు ఓపిక పట్టాను. మెడ పట్టేసింది. పంక్తి చివరిదాకా చదివి మళ్లీ ఎడమ అంచుకు వచ్చేసరికి ఏ పంక్తి దగ్గర ఆగానో తప్పిపోయేది, చదివిందే మళ్లీ చదివేవాణ్ణి. అందుకే ఇప్పుడు నన్ను అడిగినవాళ్లకు అలవాటు పడొద్దనే చెబుతున్నాను. తెరను తిప్పి నిలబెట్టండి.

వైడ్‌స్క్రీన్ తెరల కొలత 16:9, అంటే వెడల్పు 16 పాళ్లైతే ఎత్తు 9 పాళ్లు. అది ఎక్కణ్ణుంచి వచ్చిందో చూస్తే విషయం అర్థమవుతుంది. పాత మానిటర్లు 4:3, 5:4 ఉండేవి. తర్వాత కొన్నాళ్లు 16:10 నడిచింది. 2008-10 ప్రాంతంలో పరిశ్రమ మొత్తం 16:9కి మళ్లింది. ఆ కొలత 1980లలో అమెరికాలోని సినిమా, టీవీ ఇంజనీర్ల సంఘంలో కెర్న్స్ పవర్స్ అనే ఇంజనీరు ప్రతిపాదించింది. రకరకాల సినిమా ఫ్రేములన్నీ ఒకే టీవీ తెరలో ఇమడాలన్నది ఆయన లెక్క. తెరలు తయారుచేసే ఫ్యాక్టరీల్లో పెద్ద గాజు పలకలను ముక్కలుగా కోస్తారు. టీవీకీ కంప్యూటర్‌కూ ఒకే ఆకారమైతే ఖర్చు కలిసొస్తుంది. అలా సినిమా చూడటానికి కుదిరిన ఆకారం, రోజుకు ఎనిమిది గంటలు అక్షరాలు చదివేవాళ్ల టేబుల్ మీదికి వచ్చి కూర్చుంది.

నమ్మకపోతే టేపు పెట్టి కొలవండి. ఒకప్పుడు ప్రతి ఆఫీసులో కనిపించిన 19 అంగుళాల 5:4 మానిటర్ తెర ఎత్తు దాదాపు 11.9 అంగుళాలు. ఇప్పటి 24 అంగుళాల వైడ్‌స్క్రీన్ ఎత్తు 11.8 లోపే. పేరులో ఐదు అంగుళాలు పెరిగాయి, ఎత్తు మాత్రం కాస్త తగ్గింది. మానిటర్‌ను మూల నుంచి మూలకు కొలిచి అమ్ముతారు కాబట్టి ఈ సంగతి షాపులో తెలియదు. ఇరవై అంగుళాల 4:3 తెర వైశాల్యం 192 చదరపు అంగుళాలు. అదే ఇరవై అంగుళాలు 16:9 అయితే సుమారు 171. కంప్యూటర్ షాపులుండే ఎస్పీ రోడ్డులో బేరమాడి వంద రూపాయలు తగ్గించుకునేవాళ్లం, ఇక్కడ పోయిన స్థలం గురించి అడగనే అడగం.

ఉన్న ఆ కాస్త ఎత్తులోనూ కింద టాస్క్‌బార్, పైన ట్యాబులు, అడ్రస్ బార్, ఆ కింద సైటు పేరు, దాని కింద ఓ ప్రకటన. 2021లో విండోస్ 11 వచ్చినప్పుడు టాస్క్‌బార్‌ను పక్కకు జరుపుకునే వెసులుబాటు కూడా తీసేశారు. ఏ4 కాగితం పొడవు 11.7 అంగుళాలు. అంటే ఈ బార్లేవీ లేకపోతే తప్ప ఒక్క పేజీ అసలు సైజులో ఆ తెర మీద పట్టదు. కుడి ఎడమల మాత్రం బోలెడంత ఖాళీ.

ఇంగ్లిష్ చదివేవాళ్లకు ఇది కొంత ఇబ్బంది. తెలుగు చదివేవాళ్లకు ఇది నష్టం. మన లిపి పైకీ కిందికీ పెరుగుతుంది. 'స్త్రీ' అన్న ఒక్క అక్షరం చూడండి. మధ్యలో స, దాని నెత్తిన గుడిదీర్ఘం, దిగువన త వత్తు, దానికి తోడు ర వత్తు. 'రాష్ట్రం', 'జ్యోత్స్న' కూడా అంతే. ఇంగ్లిష్ పంక్తికి సరిపోయే జాగాలో తెలుగు పంక్తిని కుదిస్తే పై పంక్తి వత్తులు కింది పంక్తి గుడులకు తగులుతాయి. తగలకుండా ఉండాలంటే పంక్తుల మధ్య ఎడం ఎక్కువ కావాలి. ఎడం పెరిగితే తెర మీద పట్టే పంక్తులు తగ్గుతాయి. అంటే మనకు అన్నిటికన్నా ఎక్కువ అవసరమైంది ఎత్తు. వైడ్‌స్క్రీన్ కోసేసింది సరిగ్గా దాన్నే.

ఇందుకు సాక్ష్యం కావాలంటే వైట్‌ఫీల్డ్‌లో ఏ ఆఫీసుకైనా మధ్యాహ్నం రెండింటికి వెళ్లండి. లంచ్ అయ్యాక మనవాళ్లు సీట్లకు తిరిగొస్తారు. ఎదురుగా అంత పెద్ద తెర ఉంటుంది, ఊరి వార్తలు మాత్రం జేబులోంచి ఫోన్ తీసి చదువుతారు. మా పక్క సీటు కుర్రాడిది నంద్యాల. ఎందుకలా అని అడిగితే, "పెద్దదాంట్లో చదవబుద్ధి కాదన్నా, ఫోన్‌లో అయితే గబగబా దిగిపోతుంది" అన్నాడు. నేను ఇన్నాళ్లూ చెప్పాలనుకుంటున్న మాట అదే. ఫోన్ నిలువుగా ఉంటుంది, పంక్తి పొట్టిగా ఉంటుంది, కన్ను కిందికి దిగుతూ పోతుంది. దినపత్రికలు వార్తను సన్నటి కాలమ్‌లుగా విడగొడితే చదవడం సులువయ్యేది కూడా ఇందుకే. తెలుగు చదువు ఫోన్‌లో బతికింది డేటా చౌక కావడం వల్లేనని అందరూ అంటారు. ఆ ఆకారానికి కూడా అందులో వాటా ఉందని నా నమ్మకం.

వైడ్‌స్క్రీన్ వల్ల లాభం లేదా అంటే ఉంది. రెండు విండోలు పక్కపక్కన పెట్టుకోవచ్చు, వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లకు టైమ్‌లైన్ పొడుగ్గా కనిపిస్తుంది, ఎక్సెల్‌లో నిలువు వరుసలు ఎక్కువ పడతాయి. అలాంటి పని చేసేవాళ్లు అడ్డంగానే ఉంచుకోండి. కానీ పక్కపక్కన రెండు విండోలు పెట్టడమంటే అడ్డం తెరను రెండు నిలువు తెరలుగా చీల్చుకోవడమే కదా.

తిప్పడం పెద్ద పనేం కాదు. స్టాండ్ తిరిగే రకమైతే చేత్తో తిప్పడమే. అలాంటిది కాకపోతే, చాలా మానిటర్లకు వెనక నాలుగు స్క్రూ రంధ్రాలు ఉంటాయి, వాటికి మానిటర్ ఆర్మ్ (తెరను పట్టుకుని ఎటైనా తిరిగే చెయ్యి లాంటి స్టాండ్) బిగించుకోవచ్చు. ఆ తర్వాత డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో పోర్ట్రెయిట్ (నిలువు) ఎంచుకోవాలి. రెండు జాగ్రత్తలు ఉన్నాయి. టీఎన్ అనే చౌక రకం తెరను నిలబెడితే ఒక్కో కంటికి ఒక్కో రంగులా కనిపిస్తుంది, అందుకని పక్క నుంచి చూసినా రంగు మారని ఐపీఎస్ రకం అయి ఉండాలి. తిప్పాక తెర ఎత్తు దాదాపు 21 అంగుళాలు అవుతుంది, పై అంచు కంటికి సమంగానో కాస్త కిందో ఉండేలా బాగా దించుకోవాలి. తక్కువ రిజల్యూషన్ తెర అయితే అక్షరాల అంచులు మొదట్లో కొంచెం మసగ్గా అనిపిస్తాయి. తిప్పిన మొదటి ఆదివారం మా జిల్లా ఎడిషన్ ఈ-పేపర్ తెరిచాను. పేజీ తలకట్టు నుంచి అడుగున ఉన్న చిన్న ప్రకటనల దాకా ఒకేసారి కళ్లముందుంది. మౌస్ ముట్టుకోకుండానే ఏ వార్త ఎక్కడుందో చూసి, అప్పుడు కావలసింది పెద్దది చేసుకున్నాను.

ఇదేం వింత ఆలోచన కాదు. 1973లో జిరాక్స్ పరిశోధన కేంద్రంలో తయారైన ఆల్టో కంప్యూటర్ తెర నిలువుదే, అడ్డం 606 చుక్కలు, నిలువు 808. కాగితం పేజీని తెర మీద చూపాలన్నది వాళ్ల ఉద్దేశం. ఇప్పుడు ల్యాప్‌టాప్‌లు కూడా మెల్లగా 16:10కి, 3:2కి వెనక్కి వస్తున్నాయి.

నన్ను అసలు బాధించేది మానిటర్ ఒక్కటే కాదు. ఎవరో ఎవరికోసమో కోసిన చట్రంలో తెలుగును ఇరికించి, అలవాటు పడమని మనకు మనమే చెప్పుకుంటున్నాం. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అన్న ఒక్క తెలుగు అక్షరం ఐఫోన్లలో యాప్‌లను కుప్పకూల్చింది. కొద్దిరోజుల్లోనే ఆపిల్ సాఫ్ట్‌వేర్‌ను సవరించింది. యాప్ ఆగిపోయింది కాబట్టి కదిలారు. చదివేవాడి కన్ను అలసిపోతే మాత్రం ఎవరికీ ఫిర్యాదు వెళ్లదు. చాలా తెలుగు సైట్లలో పంక్తి ఈ చివర నుంచి ఆ చివరదాకా సాగుతూనే ఉంటుంది, పంక్తుల ఎడం ఇంగ్లిష్‌కు పెట్టిందే ఉంటుంది.

దీన్ని బాగుచేయడానికి ఎక్కడికో వెళ్లక్కర్లేదు. సైట్లు కట్టే తెలుగువాళ్లు ఈ ఊళ్లోనే వేలమంది ఉన్నారు, బీటీఎం నుంచి ఎలక్ట్రానిక్ సిటీ దాకా. పంక్తి వెడల్పుకు హద్దు, పంక్తుల మధ్య ఎడం: వెబ్ పేజీ రూపాన్ని నిర్ణయించే సీఎస్ఎస్ కోడ్‌లో రెండు లైన్ల పని. మీ చేతిలో అలాంటి సైటు ఏదైనా ఉంటే రేపు ఆఫీసుకు వెళ్లగానే పైన 'రాష్ట్రం', సరిగ్గా దాని కింది పంక్తిలో 'స్త్రీ' అని టైప్ చేసి చూడండి. పైదాని వత్తు కిందిదాని గుడికి తగిలితే లైన్ హైట్, అంటే పంక్తుల ఎడం, పెంచండి.