ప్రజల సొమ్ముతో కనిపెట్టింది కంపెనీల పాలేనా? ఆ మెసేజ్‌కు జవాబు

నల్లగొండ, పాలమూరు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ చక్కర్లు కొడుతోంది. దాని సారం ఇది: "మన పన్నులతో సర్కారు ల్యాబుల్లో పరిశోధన చేస్తారు. ఫలితం రాగానే స్టార్టప్‌లకు అప్పనంగా కట్టబెడతారు, పైగా గ్రాంట్లిస్తారు. సైంటిస్టులే అంతా చేశాక కంపెనీ చేసేదేముంది? ఫార్ములా అందరికీ ఉచితంగా ఇచ్చేస్తే చాలు. మన జిల్లాలకు ఒరిగేదేం లేదు." ఆ కోపం న్యాయమైనదే. వాదన మాత్రం నిలబడదు.

ముందు "ఉచితంగా ఇచ్చేస్తే చాలు" అన్న మాట చూద్దాం. నీళ్ళలో ఫ్లోరైడ్ తీసేయడానికి నాగపూర్‌లోని కేంద్ర ప్రభుత్వ పర్యావరణ పరిశోధన సంస్థ నీరి 1970ల్లో రూపొందించిన పద్ధతికి నల్గొండ టెక్నిక్ అనే పేరు. నీళ్ళలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి, తేరనిచ్చి పైనీళ్ళు వంచుకోవడమే. అందులో రహస్యమేమీ లేదు. టాంజానియా, ఇథియోపియాల్లోనూ దీన్ని ప్రయత్నించారు. మరి నల్లగొండలోని మర్రిగూడ, మునుగోడు పల్లెల్లో ఫ్లోరైడ్‌తో ఎముకలు వంగడం ఎందుకు ఆగలేదు? ఎంత పటిక వేయాలన్నది ఆ బోరు నీళ్ళలోని ఫ్లోరైడ్‌ను, క్షారతను బట్టి మారుతుంది. తక్కువ పడితే ఫ్లోరైడ్ పోదు, లెక్క తప్పితే అల్యూమినియం మిగులుతుంది. అడుగున దిగిన మడ్డిని ఎక్కడ పారబోయాలన్నది ఇంకో సమస్య. నీళ్ళు పరీక్షించి, మందు కొలిచి, చెడిపోతే బాగుచేసే బాధ్యత నెత్తినేసుకునేవాళ్ళు కావాలి. వాళ్ళు లేనిచోట, అచ్చులో ఉన్న పద్ధతి అచ్చులోనే ఉండిపోయింది. మన పిల్లల కాళ్ళు వంకర పోతూనే వచ్చాయి. ఊరట దొరికింది కృష్ణా నీళ్ళు ఇంటికొచ్చాకే.

"కంపెనీ చేసేదేముంది" అంటారా? పసిపిల్లల్లో రోటావైరస్ విరేచనాలను అడ్డుకునే రోటావాక్ చుక్కల టీకాకు మూలమైన వైరస్ రకాన్ని ఢిల్లీ ఎయిమ్స్‌లో 1980ల మధ్యలో పసికందుల్లో గుర్తించారు. దాన్ని హైదరాబాద్ కంపెనీ భారత్ బయోటెక్ టీకాగా తయారుచేసింది. దాదాపు 6,800 మంది శిశువులపై చివరి దశ పరీక్షలు జరిగాయి. 2014లో అనుమతి వచ్చింది, 2016లో ప్రభుత్వ టీకా కార్యక్రమంలో చేరింది. ల్యాబులో దొరికినదానికీ పిల్లల నోట్లో పడ్డ చుక్కకూ మధ్య ముప్పయ్యేళ్ళు పట్టింది.

కట్టబెట్టడం అన్నదీ సరికాదు. లైసెన్సు ఇచ్చినంత మాత్రాన పేటెంటు చేతులు మారదు. ఫీజు, అమ్మకాల్లో వాటాగా రాయల్టీ కనిపెట్టిన సంస్థకే వస్తాయి. కొవిడ్ టీకా కొవాగ్జిన్ మీద కేంద్ర వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్‌కు రాయల్టీ ఇలాగే వచ్చింది. పేటెంటు ఇచ్చిన మూడేళ్ళ తర్వాత జనానికి సరుకు అందకపోయినా, ధర అందుబాటులో లేకపోయినా పేటెంటు చట్టంలోని 84వ సెక్షన్ కింద ఇంకొకరు లైసెన్సు అడగవచ్చు. 2012లో జర్మనీ కంపెనీ బేయర్ క్యాన్సర్ మందు మీద హైదరాబాద్ మందుల కంపెనీ నాట్కోకు అలాగే లైసెన్సు దక్కింది. నెలకు 2.8 లక్షల రూపాయలున్న ఖర్చు 8,800కు దిగింది. ఆ నాట్కోకు ఒకప్పటి మన మహబూబ్‌నగర్ జిల్లాలోని కొత్తూరులో ఫ్యాక్టరీ ఉంది.

గ్రాంట్ల సంగతి: బయోటెక్ స్టార్టప్‌లకు కేంద్ర ప్రభుత్వ సంస్థ బైరాక్ ఇచ్చే బిగ్ అనే గ్రాంటు గరిష్ఠంగా 50 లక్షలు, అదీ పని సాగినకొద్దీ విడతలుగా. ఫలిస్తుందో లేదో తెలియని దశలో ఏ బ్యాంకూ అప్పివ్వదు.

ఇక మన జిల్లాలు. పాలమూరులోని పాలెం వ్యవసాయ పరిశోధన స్థానం ఆముదంలో సంకర రకాలు తెచ్చింది. సంకర విత్తనం ఏటా కొత్తగా పండించాల్సిందే. ఆ పని పాలమూరు యువకులే చేయవచ్చు. ఉమ్మడి నల్లగొండలోని ఆలేరులో చింతకింది మల్లేశం ఏ ల్యాబు అండా లేకుండా చీర నేసేముందు చేత్తో దారం చుట్టే శ్రమ తప్పించే ఆసు యంత్రం తయారుచేశారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. అలాంటి చేతులకు ల్యాబు తోడైతే ఏమవుతుందో ఆలోచించండి.

ఆ మెసేజ్‌లో నేను ఒప్పుకునేది ఒకటుంది. ఒకే కంపెనీకి గుత్తగా లైసెన్సు ఇస్తే ప్రమాదమే, విత్తనాల్లో, తాగునీళ్ళలో మరీను. కాబట్టి ఆ మెసేజ్ పంపుతున్నవాళ్ళు ఇవి అడగాలి: లైసెన్సు ఎవరికిచ్చారు, ఎన్నేళ్ళకు, రాయల్టీ ఎంత, గడువులోగా సరుకు తేకపోతే వెనక్కి తీసుకునే షరతు ఉందా? ప్రతి సర్కారు ల్యాబూ ఈ నాలుగింటినీ తెలుగులో బయటపెట్టాలి.