ఎదురుగాలిని కూడా లెక్కలోకి తీసుకోవాలి
ఫ్రాన్స్‌లో లువార్ నది వెంట సైకిల్ యాత్ర చేసేవారు ప్రవాహంతోపాటు పడమరకు, సముద్రం వైపు సాగితే శ్రమ తక్కువని వ్యాసకర్త రాసిన మాటతో నేను ఏకీభవించలేను. దాదాపు 900 కిలోమీటర్ల ‘లువార్ ఆ వెలో’ సైకిల్ మార్గంలో బ్లువా పట్టణం నుంచి సముద్రం చేరేలోగా నది దిగేది వంద మీటర్లు కూడా ఉండదు కనుక, ఆ వాలు కాళ్లకు తెలియనే తెలియదు. తెలిసేది గాలి, అది అట్లాంటిక్ మీదుగా ఎక్కువగా పడమటి నుంచే వీస్తుంది. టూర్ అనే నగరం నుంచి దానికి పడమరన ఉన్న సోమ్యూర్‌కు వెళ్లిన రోజున, వరదను ఆపడానికి పూర్వం కట్టిన కరకట్ట మీద చెట్టు నీడైనా లేని చోట, చదును నేల మీదనే చిన్న గేరులోకి మారి, హ్యాండిల్ మీదికి వంగి తొక్కవలసి వచ్చింది. కట్ట దిగి, తెల్లని సున్నపురాతి ఇళ్ల నడుమ సాగే ఊరి దారిలోకి మళ్లగానే గాలి సద్దుమణిగి, గొలుసు చప్పుడు తప్ప మరేదీ వినిపించలేదు. గంటసేపటిలో ఎదురైన వాహనం ఒక్క ట్రాక్టరు (దాన్ని నడిపే పెద్దమనిషే ముందుగా చేయి ఊపాడు). ప్రశాంతత గురించి వ్యాసంలో రాసినదంతా నిజమే. అయితే రైల్లో సముద్రానికి దగ్గరలోని నాంత్ నగరం వరకు వెళ్లి, అక్కడి నుంచి తూర్పుకు తొక్కుకుంటూ రావడమే మేలని నా అభిప్రాయం. వెనుక సంచులు కట్టుకుని వెళ్లేవారికి మరీను.