తేల్చకుండానే శిక్ష వేసిన న్యాయమూర్తి

"యుద్ధంలో ఇవన్నీ మామూలేనండీ." మొన్న ఒక మిత్రుడన్న ఈ మాట నాకింకా మింగుడుపడటం లేదు. మేముండేది కాన్సస్ వైపు, ఓవర్‌ల్యాండ్ పార్కులో. స్టేట్ లైన్ దాటితే మిస్సోరీ. అక్కడ కాస్ కౌంటీలోని హారిసన్‌విల్ వెళ్తూ, 1863లో అమెరికా అంతర్యుద్ధంలో ఆ సరిహద్దు పల్లెలను ఖాళీ చేయించిన సైనిక ఆర్డరు గురించి మాట్లాడుకుంటుంటే వచ్చిందీ మాట.

ఆ ఏడాది ఆగస్టు 21న దక్షిణాది పక్షం గెరిల్లా నాయకుడు క్వాంట్రిల్ ముఠా కాన్సస్‌లోని లారెన్స్ ఊరి మీద పడి 150 మందికి పైగా మగవాళ్ళను, కుర్రాళ్ళను చంపింది. దుర్మార్గం. అందులో నాకు రెండో మాట లేదు. ఆ సరిహద్దులో యూనియన్, అంటే ఉత్తరాది పక్షం, సైన్యాధికారి జనరల్ థామస్ యూయింగ్. ఆయన కష్టమూ కాదనను. ఎదురుగా నిలబడే సైన్యం లేదు. పగలు పొలంలో ఉన్నవాడే రాత్రి తుపాకీ పడతాడు. వాడికి అన్నం పెట్టేది అక్కో చెల్లెలో. ఆ ఆడవాళ్ళను తెచ్చి కాన్సస్ సిటీలో బంధిస్తే, లారెన్స్‌కు వారం ముందే ఆ భవనం కూలి కొందరు చనిపోయారు.

లారెన్స్ జరిగిన నాలుగు రోజులకు యూయింగ్ జారీ చేసిన 11వ నంబరు ఆర్డరు వచ్చింది. మిస్సోరీలో జాక్సన్, కాస్, బేట్స్ కౌంటీలు, వెర్నన్‌లో కొంత భాగం. కొన్ని ఊళ్ళకు మైలు దూరంలోపు ఉన్నవాళ్ళు తప్ప దాదాపు పల్లె జనమంతా 15 రోజుల్లో ఇళ్ళు వదలాలి. నాకు కడుపు మండేది ఇక్కడే. యూనియన్ పక్షమేనని రుజువు చేసుకున్నవాళ్ళూ పోవాల్సిందే! వాళ్ళకు దక్కిందల్లా ఒక సర్టిఫికెట్టు, సైనిక స్థావరం దగ్గరో, తూర్పు సరిహద్దు కౌంటీలు తప్ప కాన్సస్‌లో ఇంకెక్కడో తలదాచుకునే అనుమతి. కాస్ కౌంటీలో 10,000 మంది జనం 600కి పడిపోయారని చెబుతారు. కాలిన ఇళ్ళల్లో పొగగొట్టాలే మిగిలాయి.

యూయింగ్ సైన్యంలోకి రాకముందు ఎవరు? కాన్సస్ రాష్ట్ర తొలి ప్రధాన న్యాయమూర్తి. తప్పెవరిదో తేల్చకుండా శిక్ష వేయకూడదని ఆయనకు ఒకరు చెప్పాలా?

మామూలేనని ఊరుకోనివాడు ఆ రోజుల్లోనే, ఆ పక్షంలోనే ఉన్నాడు. చిత్రకారుడు జార్జ్ కేలెబ్ బింగ్‌హామ్. యూనియన్ దళంలో కెప్టెన్‌గా చేసి, అప్పటికి మిస్సోరీ ఖజానా చూస్తున్నవాడు. ఆర్డరు వద్దని పోట్లాడాడు, యుద్ధం అయ్యాక ఆ ఘోరాన్ని బొమ్మ కట్టాడు. కూలిన భవనం తన కుటుంబానిదే కాబట్టి సొంత కోపం అంటారు. ఉండనీండి, సొంత కోపమైతే మాత్రం నిజం అబద్ధమవుతుందా?

ఆర్డరు పనిచేసింది కదా అనేవాళ్ళూ ఉన్నారు. అక్టోబరు 6న అదే క్వాంట్రిల్ బాక్స్‌టర్ స్ప్రింగ్స్ దగ్గర సుమారు వంద మంది యూనియన్ మనుషులను చంపాడు. ఖాళీ అయిన పల్లెలు వాళ్ళనేం కాపాడాయి?

ఇక్కడి మనవాళ్ళకు ఒక్క మనవి. పిల్లలను లారెన్స్ తీసుకెళ్తారు, మంచిదే. ఇంకో ఆదివారం హారిసన్‌విల్ కూడా తీసుకెళ్ళండి. అక్కడ స్మారకంగా ఒక రాతి పొగగొట్టం నిలబెట్టారు. మరి ఇల్లు ఏదీ అని పిల్లలే అడుగుతారు.