రాహువు మింగుతున్నాడా, నీడ పడుతోందా?

(2025 సెప్టెంబరు 7, భాద్రపద పౌర్ణమి. రాత్రి పది కావస్తోంది, కాసేపట్లో సంపూర్ణ చంద్రగ్రహణం. హైదరాబాద్‌లో ఓ ఇంట్లో కడుపుతో ఉన్న కూతుర్ని మధ్యాహ్నం నుంచి గదిలోనే ఉంచేశారు. డాబా మీద మామయ్యకీ మేనకోడలికీ వాదన.)

మామయ్య: భూమి నీడ పడితే గ్రహణం అంటావు. చంద్రుడు రోజూ కొంచెం కొంచెం తరిగేదీ ఆ నీడ వల్లే కదా? మరి అది గ్రహణం ఎందుకు కాలేదు?

మేనకోడలు: తరగడం నీడ వల్ల కాదు మామయ్యా. శుక్ల అష్టమినాడు మధ్యాహ్నం మూడింటికి చూడండి, తూర్పున సగం చంద్రుడుంటాడు, పడమట సూర్యుడుంటాడు. భూమి నీడ సూర్యుడికి ఎదురు దిక్కున, అంటే అప్పుడు మన కాళ్ల కిందివైపు ఉంటుంది, అది చంద్రుణ్ణి ఎలా తాకుతుంది? చంద్రుడిలో సగానికి ఎప్పుడూ ఎండ తగులుతూనే ఉంటుంది, ఆ వెలుగు సగం మనకి ఒక్కో రోజు ఒక్కో పక్క నుంచి కనిపిస్తుంది, అంతే.

మామయ్య: సరే. ప్రతి పౌర్ణమికీ చంద్రుడు సూర్యుడికి ఎదురుగానే వస్తాడుగా, మరి నెలనెలా గ్రహణం పట్టదేం? రాహువు వచ్చినప్పుడే పడుతుంది.

మేనకోడలు: అసలు అడగాల్సిన ప్రశ్న ఇదే. చంద్రుడు తిరిగే దారి, భూమి తిరిగే దారికి దాదాపు 5 డిగ్రీలు వాలి ఉంటుంది. అందుకే చాలా పౌర్ణములకి చంద్రుడు నీడకి పైనుంచో కిందనుంచో దాటిపోతాడు. ఆ రెండు దారులూ కలిసే చోట్లు రెండే, పౌర్ణమి వాటి దగ్గర పడితేనే గ్రహణం. మన జ్యోతిష గణితంలో రాహువు, కేతువు అని లెక్కకట్టేది ఆ చోట్లనే, పాముల్ని కాదు. గ్రహణాలు నీడలేనని ఆర్యభటుడు క్రీ.శ. 499 నాటికే రాశాడు. రెండు వారాలకి, 21న, రెండో చోటు దగ్గర అమావాస్య పడుతోంది, అప్పుడు సూర్యగ్రహణం. మనకి కనబడదు.

మామయ్య: అన్నిటికీ వాలే అంటావు. ఎండాకాలం సంగతేంటి? అది భూమి సూర్యుడికి దగ్గరవడం వల్లే కదా? పొయ్యి దగ్గర కూర్చుంటే సెగ తగలదా?

మేనకోడలు: భూమి సూర్యుడికి బాగా దగ్గరయ్యేది జనవరి మొదట్లో, 14.7 కోట్ల కిలోమీటర్లకి. జులైలో 15.2 కోట్లు. జనవరిలో మనం దుప్పట్లు కప్పుకుంటాం కదా! భూమి అక్షం 23.4 డిగ్రీలు వాలి ఉండబట్టి ఎండ ఏడాదిలో ఒకసారి నిటారుగా, ఒకసారి ఏటవాలుగా పడుతుంది. మే 9 ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం ఈ డాబా మీద కర్ర నిలబెడితే నీడే ఉండదు, డిసెంబరు చివర్లో అదే కర్రకి దాని పొడవులో ముప్పాతిక పైనే నీడ.

మామయ్య: లెక్కలన్నీ ఒప్పుకుంటానమ్మా. కడుపులో బిడ్డకి ఏమైనా అయితే జవాబెవరు చెప్తారు? నేను కడుపులో ఉన్నప్పుడు మా అమ్మ కూడా కదలకుండా పడుకుంది.

మేనకోడలు: ఆ నీడ పడేది 3 లక్షల 80 వేల కిలోమీటర్ల అవతల, చంద్రుడి మీద. వదిన మధ్యాహ్నం నుంచి గుక్కెడు నీళ్లు తాగలేదు, ఇంకా రాత్రి ఒకటిన్నర దాకా ఉంచుతారట. నాకు టెన్షన్ దాని గురించే.

మామయ్య: ...నీళ్లివ్వు. పెరుగన్నం ఉంది, దర్భ వేసే ఉంచాను, అదీ పెట్టు. డాబా మీదకి మాత్రం తీసుకురావద్దు, నాకింకా అంత ధైర్యం లేదు.